ఇంటి దగ్గరే వసంతకాలపు పక్షుల్ని చూడటం ఎలా?

ఫిబ్రవరి సగం దాటిందంటే చాలు, తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతారు: “పొద్దున్నే ఏదో పిట్ట తెగ కూస్తోంది. బయటికొచ్చి చూస్తే ఏమీ కనబడదు. ఎలా చూడాలి?” కొందరైతే బైనాక్యులర్ కూడా కొనేసి, రెండు ఆదివారాలు తిరిగి, కాకులూ పావురాలూ తప్ప ఏమీ దొరక్క దాన్ని అలమరలో పెట్టేశారు.

నేను గమనించినంతలో చిక్కంతా రోజుకో చోటికి వెళ్లడంలోనే ఉంది. వసంతంలో చూడాల్సింది మార్పు. నిన్న లేని పూత ఇవాళ వస్తుంది. నిన్న ఒంటరిగా ఉన్న పిట్ట ఇవాళ జంటగా కనిపిస్తుంది. నిన్న అక్కడ ఏముందో తెలిస్తేనే ఇవాళ్టి తేడా కంటికి ఆనుతుంది. అందుకే కింద చెప్పేదంతా ఒక్క చోటు చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు ఒక చోటు తేల్చుకోండి

ఇంటి నుంచి ఐదు, పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగేది చాలు. పార్కు మూల, చెరువు గట్టు, పాడుబడ్డ ఖాళీ స్థలం, అపార్ట్‌మెంట్ వెనక గోడ, ఏదైనా సరే. కదల్లేనివాళ్లకు బాల్కనీ లేదా మేడ చాలు. దూరం ఎక్కువైతే మూడో రోజుకే మానేస్తారు.

చోటు ఎంచుకునేటప్పుడు వీటిలో కనీసం మూడు ఉన్నాయేమో చూడండి:

- పూసే చెట్టు లేదా కాయలున్న రావి, మర్రి
- నడుము ఎత్తు పొదలు, తీగలు
- ఆకుల్లేని ఎండు కొమ్మ, లేదా కరెంటు తీగలు
- కాస్త ఖాళీ నేల లేదా గడ్డి
- కారే కొళాయి, మురుగు కాలువ, గుంట, ఏదో ఒక నీటి జాడ

ఎండు కొమ్మను చాలామంది పట్టించుకోరు. ఏట్రింత (చీలిన తోక ఉన్న నల్ల పిట్ట), పాలపిట్ట లాంటివి అక్కడే కూర్చుని, పురుగు కనబడగానే దూకి, మళ్లీ అదే కొమ్మ మీదికి వస్తాయి. ఒకసారి తప్పిపోయినా రెండు నిమిషాలు ఆగితే మళ్లీ దొరుకుతాయి. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

2. చెట్లను చదవడం నేర్చుకోండి

పిట్టల వెంట పరిగెత్తడం కన్నా, పిట్టలు వచ్చే చెట్టు దగ్గర నిలబడటం మేలు.

బూరుగ, మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చేసి పూస్తాయి. బూరుగ చలికాలం చివర్లోనే మొదలవుతుంది, మోదుగ ఫిబ్రవరి, మార్చిల్లో ఎర్రగా మండిపోతుంది. ఆకుల అడ్డు ఉండదు కాబట్టి వచ్చిన ప్రతి పిట్టా కనబడుతుంది. గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, ఏట్రింతలు, ఉడుతలు అన్నీ ఒకే చెట్టు మీద చేరతాయి. చలికాలం ఇక్కడ గడపడానికి వచ్చిన గులాబీ గోరింకలు తిరిగి మధ్య ఆసియా వైపు వెళ్లే ముందు ఇలాంటి చెట్ల మీద గుంపులుగా వాలతాయి. ఒళ్లు లేత గులాబీ, తల, రెక్కలు నలుపు. ఒకసారి చూస్తే మర్చిపోరు.

ఇలాంటి చెట్టు దొరికితే అక్కడ అరగంట తక్కువ కాకుండా ఉండండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ఎదురెండలో నిలబడితే రంగులన్నీ నల్లగా కనిపించి, ప్రతిదీ కాకిలాగే ఉంటుంది.

రావి, మర్రి కాయలు పండితే కోకిలలు, “టుక్ టుక్” మని కూసే కంసాలి పిట్టలు, గోరింకలు వస్తాయి. వేప, గానుగ కొత్త చిగురు వేసినప్పుడు చూడాల్సింది పువ్వును కాదు, ఆకును. లేత ఆకును తినే గొంగళిపురుగులు చేరతాయి, వాటి కోసం చిన్న చిన్న పిట్టలు ఆకుల మధ్య దూరుతుంటాయి. తేనె తాగే తేనెపిట్ట కూడా పిల్లలకు పురుగులే పెడుతుంది. అంటే చిగురు, పురుగు, గూడు, మూడూ ఒకే వరసలో వస్తాయన్నమాట. చిగురు తేదీ రాసి పెట్టుకుంటే తర్వాత ఏం వెతకాలో మీకే అర్థమవుతుంది.

3. సామాను తక్కువే, కానీ సెట్ చేసుకోవాలి

నోట్‌బుక్, పెన్సిల్, టోపీ, నీళ్ల బాటిల్. బట్టలు ఆకుపచ్చ, మట్టి, బూడిద రంగుల్లో ఉంటే చాలు. బైనాక్యులర్ లేకపోయినా మొదటి రెండు వారాలు హాయిగా గడుస్తాయి.

కొనాలనుకుంటే 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని. 10 రెట్లదైతే ఇంకా బాగుంటుంది కదా అనుకుంటారు. చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది, కనిపించే మేర సాధారణంగా తగ్గుతుంది. ఆకుల మధ్య గెంతే పిట్టను పట్టుకోవడం కొత్తవాళ్లకు దానితో కష్టం.

అలమరలోకి చేరిన బైనాక్యులర్లలో చాలావాటికి ఈ సెట్టింగే చేసి ఉండరు. ఒక్కసారి ఓపిగ్గా చేయండి:

- రెండు గొట్టాలనూ దగ్గరికి, దూరానికి వంచుతూ, రెండు వలయాలు కలిసి ఒక్కటే గుండ్రంగా కనిపించే దాకా సరిచేయండి.
- కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి, లేకపోతే బయటికి తిప్పండి.
- ఇరవై, ముప్పై మీటర్ల దూరంలో కదలని బోర్డు ఒకటి చూసుకోండి. కుడి గొట్టం ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా తెచ్చుకోండి.
- ఇప్పుడు ఎడమ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టండి. మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు మాత్రమే తిప్పి స్పష్టం చేసుకోండి.
- ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇక మీదట మధ్య చక్రం ఒక్కటే వాడాలి.

బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడొద్దు. పిట్ట ఎగిరి అటు వెళ్తే వెంటనే దించేయండి.

4. టైమ్

సూర్యోదయం నుంచి రెండు గంటలు. సాయంత్రం చివరి గంట రెండో ఛాయిస్. గాలి గట్టిగా ఉన్న రోజు తక్కువ ఆశించండి. ఆకులు ఊగుతుంటే పిట్ట కదలిక తెలియదు.

వారానికి నాలుగు రోజులు ఇరవై నిమిషాల చొప్పున వెళ్లడం, ఒక ఆదివారం మూడు గంటలు తిరగడం కన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది.

5. చూసే పద్ధతి, వరసగా

ఒకటి: చేరగానే కూర్చోండి. మీరు వచ్చిన అలికిడికి పిట్టలు సద్దుమణుగుతాయి. ఐదు నుంచి పది నిమిషాలు కదలకుండా ఉంటే మళ్లీ వాటి పనిలో పడతాయి. ఫోన్ జేబులోనే ఉంచండి.

రెండు: ముందు చెవులు. కళ్లు మూసుకుని ఎన్ని వేర్వేరు గొంతులు వినిపిస్తున్నాయో లెక్కపెట్టండి. పేర్లు తెలియాల్సిన పని లేదు. దగ్గరగా ఉన్న గొంతు ఏ వైపు నుంచి వస్తోందో మాత్రం పట్టుకోండి.

మూడు: చూపు ఒక చోట గుచ్చకుండా చెట్టంతా ఒకేసారి చూస్తున్నట్టు ఉంచండి. కదలిక దానంతట అదే తగులుతుంది.

నాలుగు: పిట్ట కనబడగానే దాని మీది నుంచి చూపు తిప్పకండి. తల దించి బైనాక్యులర్ వెతికారంటే అది పోయినట్టే. కళ్లు అక్కడే ఉంచి, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి ఎత్తండి. ఇంట్లో కిటికీలోంచి ఒక ఆకును గురి పెట్టి పది సార్లు ప్రాక్టీస్ చేస్తే అలవాటవుతుంది.

ఐదు: పక్కవాళ్లకు చూపించేటప్పుడు “అదిగో, అక్కడ” అంటే ఎవరికీ తెలియదు. చెట్టును గడియారంలా అనుకోండి. పైన పన్నెండు, కుడి వైపు మూడు. “రెండు గంటల దగ్గర, ఎండు కొమ్మ చివర” అంటే చాలు.

ఆరు: గొడవ ఎక్కడుందో అటు వెళ్లండి. ఉడుత తోక ఆడిస్తూ ఆపకుండా టిక్కు టిక్కుమంటోందంటే కింద పిల్లో, పామో, పైన డేగో ఉండొచ్చు. పగటిపూట కాకులు, ఏట్రింతలు, పికిలిపిట్టలు కలిసి ఒక గుబురు చుట్టూ అరుస్తుంటే లోపల గుడ్లగూబ ఉందేమో చూడండి. తొర్రలోంచి పసుపు కళ్లతో తొంగి చూసే పైడికంటి అనే చిన్న గుడ్లగూబను నేను మొదటిసారి చూసింది అలాగే. వెతికి కాదు, పికిలిపిట్టల అరుపు పట్టుకుని వెళ్లి.

6. గుర్తుపట్టేటప్పుడు రంగు ఆఖర్న

అందరూ రంగుతో మొదలెడతారు. అక్కడే పొరపాటు. నీడలో, ఎదురెండలో రంగు మోసం చేస్తుంది. ఈ వరస పాటించండి:

- సైజు: పిచ్చుకంతా? గోరింకంతా? కాకంతా? ఈ మూడే మీ కొలబద్దలు.
- ముక్కు: సన్నగా వంపు తిరిగిందా, పొట్టిగా లావుగా ఉందా, కత్తిలా పొడుగ్గా ఉందా?
- తోక: పొడుగా, పొట్టా, చివర చీలి ఉందా, నిక్కబొడుచుకుని ఉందా?
- ఏం చేస్తోంది: నేల మీద నడుస్తోందా, గెంతుతోందా? కొమ్మను పట్టుకుని పైకి పాకుతోందా? గాలిలో పురుగును పట్టి మళ్లీ అదే చోటికి వస్తోందా?
- తర్వాతే రంగు. అది కూడా ఎక్కడ ఉందో: కంటి మీద గీత, రెక్క మీద పట్టీ, తోక కింద మచ్చ.

పికిలిపిట్టనే తీసుకోండి. తల మీద నల్లటి చిన్న జుట్టు, తోక మొదట కింద ఎర్ర మచ్చ, ఎగిరినప్పుడు నడుము దగ్గర తెలుపు. ఈ మూడూ చూస్తే ఇక ఎప్పుడూ తడబడరు.

మగ తేనెపిట్ట సంగతి విడిగా చెప్పాలి. ఊదా రంగు తేనెపిట్టలో మగది జత కట్టే కాలంలో నల్లగా, ఎండ పడితే ఊదా, నీలం మెరుపుతో ఉంటుంది. ఆ కాలం కాకపోతే కింద పసుపుగా, గొంతు నుంచి పొట్ట దాకా ఒక ముదురు గీతతో ఉంటుంది. ఈ రెండింటినీ చాలా రోజులు వేర్వేరు పిట్టలుగా రాసుకున్నాను. ఒక ఫిబ్రవరిలో అదే మందార కొమ్మ మీద, పసుపు పొట్ట మీద మచ్చలు మచ్చలుగా ఊదా ఈకలు మొలుస్తున్న పిట్టను చూశాక గానీ అది ఒక్కటేనని తెలియలేదు. రోజూ అదే కొమ్మను చూడకపోతే ఆ మధ్య దశ నాకు దొరికేది కాదు.

కోకిల విషయంలోనూ ఇంతే. మగది నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్లు. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. అది కోకిలేనని చాలామందికి తెలియనే తెలియదు.

తీగ మీద వాలితే అది వానకోయిలో, ఏట్రింతో, ఇంకోటో కావచ్చు. గాలిలోనే తిరుగుతూ పురుగులు పట్టే స్విఫ్ట్ అనే పిట్ట మాత్రం కాదు. స్విఫ్టుల కాళ్లు గోడను, తాటాకును పట్టుకుని వేలాడటానికే పనికొస్తాయి, తీగ మీద కూర్చోలేవు.

7. చెవికి నాలుగు గొంతులు

ఒక సీజన్‌లో నాలుగు గొంతులు గట్టిగా నేర్చుకుంటే చాలు.

- మగ కోకిల: “కు-ఊ, కు-ఊ” అని ఒక్కో కూతకూ స్థాయి పెంచుకుంటూ పోయి ఠక్కున ఆపేస్తుంది. ఆడది “కిక్ కిక్ కిక్” మని గబగబా అరుస్తుంది.
- కంసాలి పిట్ట: “టుక్, టుక్, టుక్” అని సుత్తితో రేకు మీద కొట్టినట్టు, ఒకే లయలో. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పడం వల్ల గొంతు ఎక్కణ్నుంచో వస్తున్నట్టుంటుంది. పై కొమ్మల చివర్లలో వెతకండి.
- పెద్ద నల్లంచి: నలుపు, తెలుపు పిట్ట. తెల్లవారకముందే మేడ అంచునో యాంటెన్నా మీదో కూర్చుని ఈల వేసినట్టు పొడుగ్గా పాడుతుంది. వసంతంలో దీని గొంతు బాగా తెరుచుకుంటుంది.
- టైలర్ బర్డ్, అంటే ఆకులు కుట్టే పిట్ట: బొటనవేలంత పిట్ట, ఇల్లంతా వినిపించే “టువిట్ టువిట్”. గొంతు విని పెద్ద పిట్ట కోసం పైన వెతుకుతారు. అది మీ మోకాలి ఎత్తులో, కుండీ మొక్కలోనే ఉంటుంది.

మెర్లిన్ అనే ఉచిత యాప్ గొంతు విని పేరు సూచిస్తుంది. పనికొస్తుంది. కానీ యాప్ పేరు చెప్పింది కదా అని రాసేసుకోవద్దు. పిట్టను కళ్లారా చూసి, లేదా ఆ గొంతును మీరే పోల్చుకుని అప్పుడు రాయండి.

8. రాసుకోవడం

ఇది మానేస్తే మిగతాదంతా సగమే. ప్రతిసారీ ఈ ఆరు ఉండాలి:

- తేదీ
- మొదలుపెట్టిన టైమ్, ఎంతసేపు
- వాతావరణం: ఎండ, మబ్బు, గాలి
- చెట్ల స్థితి: ఆకు రాల్పు, మొగ్గ, పూత, చిగురు, కాయ
- ఏ పిట్ట, ఎన్ని
- ఏం చేస్తోంది

ఆఖరిదాన్ని వదలకండి. “గోరింకలు 2” అని రాస్తే సంవత్సరం తర్వాత ఏమీ గుర్తురాదు. “గోరింకలు 2, ఒకటి ఎండు గడ్డి నోట కరుచుకుని పైపు చిల్లులోకి దూరింది” అని రాస్తే గూడు కట్టడం మొదలైన తేదీ మీ చేతిలో ఉన్నట్టే.

అలవాటయ్యాక ఈ లిస్టుల్ని ఈ-బర్డ్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఎక్కించవచ్చు. కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ నడిపే ఈ వేదిక 2002 నుంచి ఉంది. గుర్తుపట్టిన పిట్టలన్నీ, కాకితో సహా, రాస్తేనే అది పూర్తి లిస్టు అవుతుంది. మామూలు పిట్టల్ని వదిలేస్తే అవి తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో ఎవరికీ తెలియకుండా పోతుంది.

9. గూడు కనిపిస్తే

ఈ భాగం దయచేసి రెండుసార్లు చదవండి.

ఒక ఏడాది మా గోడ పక్క మొక్కలో ఆకులు కుట్టే పిట్ట గూడు పెట్టింది. ఆకు అంచున ముక్కుతో చిల్లు పొడిచి, సన్నటి పోగును అందులోంచి లాగి, రెండు అంచుల్నీ దగ్గరికి తెచ్చేది. అంత చిన్న ముక్కుతో అంత ఓపిక. నేను రోజూ దగ్గరికి వెళ్లి ఫొటో తీశాను, అడ్డొచ్చిన ఒక ఆకును పక్కకు వంచాను కూడా. గోడ మీద ఒక కాకి నన్నే చూస్తూ ఉండేది. నాలుగో రోజు పొద్దున ఆకు చిరిగి వేలాడుతోంది, గుడ్లు లేవు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

- గూడు దగ్గర ఆగొద్దు. దూరంగా వెళ్లి కూర్చుని చూడండి.
- పిట్ట ముక్కులో పురుగు పట్టుకుని కూడా గూటికి వెళ్లకుండా అరుస్తోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టు. వెంటనే వెనక్కి రండి.
- ఆకు, కొమ్మ, దేన్నీ కదపొద్దు. అది నీడ, అదే చాటు.
- కాకి చుట్టుపక్కల ఉంటే గూడు వైపు చూడను కూడా చూడొద్దు.
- ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో పిట్ట గొంతు ప్లే చేసి పిలవొద్దు. వేరే పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.
- గూడు ఎక్కడుందో బయట ఎక్కడా పెట్టొద్దు.

10. సాధారణంగా జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

పిట్టలే లేవనిపిస్తే: టైమ్ చూసుకోండి. తొమ్మిది దాటాక వెళ్తున్నారేమో. వెళ్లే టైమ్‌ను సూర్యోదయానికి దగ్గరగా జరిపి వారం చూడండి.

పేరు తేలకపోతే: ఊహించి రాయొద్దు. “గోరింకంత, ముక్కు పొట్టి, తోక నిక్కబొడిచి, నేల మీద గెంతుతోంది” అని రాసి బొమ్మ గీయండి. గీత వంకరైనా పరవాలేదు. నెల తర్వాత ఆ బొమ్మే పేరు చెబుతుంది.

ఫొటో మీదే ధ్యాసైతే: మొదటి ఐదు నిమిషాలు ప్రతి పిట్టనూ కంటితోనే చూడండి, తర్వాతే కెమెరా.

వసంతంలో గిజిగాడి కొత్త గూళ్లు వెతికితే: దొరకవు. అది వానలతో పాటు గూడు అల్లుతుంది. ఇప్పుడు వేలాడేవి పాతవి. నెమలి పురి విప్పడం కూడా వానలు దగ్గరపడ్డాకే ఎక్కువ.

11. ఇంటి దగ్గర చేయగలిగినవి

నీళ్లు పెట్టాలంటే వెడల్పాటి మట్టి పళ్లెం, లోతు రెండు మూడు సెంటీమీటర్లు, మధ్యలో ఒక రాయి. నున్నటి ప్లాస్టిక్ గిన్నెలో కాళ్లు జారతాయి. పొద దగ్గరగా, కానీ పిల్లి నక్కే చోటు కాకుండా పెట్టండి. రోజూ పారబోసి, రుద్ది, కొత్త నీళ్లు పోయండి. అలా చేస్తే దోమలు పెరిగే వీలుండదు.

కిటికీ అద్దంలో చెట్టు ప్రతిబింబం కనబడితే పిట్టలు దాన్నే చెట్టనుకుని గుద్దుకుంటాయి. అద్దానికి బయటి వైపు, అయిదేసి సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు అంటించండి. మధ్యలో ఒక్క పెద్ద స్టిక్కర్ అంటిస్తే సరిపోదు.

ఏప్రిల్‌లో పిల్ల కింద పడిందని కంగారుపడి ఇంట్లోకి తెస్తారు. ఒంటి నిండా ఈకలుండి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. పిల్లులు, కుక్కలు రాకుండా చూసి దూరంగా ఉండండి. ఈకలు రాని పిల్లయితే, గూడు అందితే మళ్లీ అందులో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. దెబ్బ తగిలి ఉంటే పశువైద్యుడి దగ్గరికి.

పిట్టలు తగ్గిన మధ్యాహ్నం పూట నిమ్మ, జిల్లేడు ఆకుల్ని తిరగేసి చూడండి. నిమ్మాకు మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక గొంగళి కావచ్చు. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఉండే గొంగళి మరో సీతాకోకచిలుకది. వాటిని ఆకుతో సహా అక్కడే వదిలేసి, తేదీ రాయండి.

12. నెలల వారీగా ఏం వెతకాలి

ఫిబ్రవరి రెండో సగం: బూరుగ, మోదుగ పూత. కంసాలి పిట్ట కూత, ఎండు కొమ్మ అడుగు వైపు అది తొలిచే గుండ్రటి తొర్ర. తేనెపిట్ట మగది రంగు మారడం. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల గణనలో 15 నిమిషాల లెక్కతో చేరవచ్చు.

మార్చి: రావి రాగి రంగు చిగురు, వేప పూత. పెద్ద నల్లంచి పాట, మగ కోకిల కూత రోజంతా. ఇసుక గట్లలో చిల్లులుంటే తేనెటీగల్ని తినే పచ్చ పిట్టలు దూరుతున్నాయేమో దూరం నుంచి చూడండి. పట్టిన తేనెటీగను కొమ్మకేసి కొట్టి, కొండి దెబ్బ తప్పించుకున్నాకే అవి మింగుతాయి.

ఏప్రిల్: కాకులు పుల్లలు మోస్తుంటాయి. నల్ల కోకిలను కాకులు తరుముతుంటే ఆ పక్కన ఆడ కోకిల కోసం చూడండి. అది కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది. ఇదే నెలలో చలికాలపు అతిథులు వెళ్లిపోతాయి. నీళ్ల పక్కన తోక ఆడిస్తూ నడిచే వాగ్‌టెయిల్‌ను ఆఖరిసారి చూసిన తేదీ నోట్‌బుక్‌లో విడిగా రాసి, పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి. సెప్టెంబర్, అక్టోబర్లలో అది మళ్లీ అదే నీటి అంచుకు వచ్చిన రోజు ఆ గడి నింపాలి.